నల్లరొట్టెల పిల్ల

రండి, ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెసంచి లాక్కోండి, మొన్నటిదాకా అందులో ఉన్నవి వేరుశనక్కాయలే, మీ బట్టలకేమీ కాదు. ఈ మధ్య నాకు కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి సగం పని మానేశాయి. అందుకని నేను గట్టిగా చెబుతాను, మీరు మెల్లగా వినండి. మధ్యలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే నాకు వినపడదు. మాటలు చెప్పేవాళ్ళకు ఇంతకు మించిన వరం లేదు.

నిన్న మా అమ్మాయి నాకొక చెవిమిషను తెచ్చింది. చిక్కుడుగింజంత మిషను, అందులో వేయడానికి శనగగింజంత బ్యాటరీ బిళ్ళ. బిళ్ళ వీపున చిన్న రంగు కాగితం అతికించి ఉంది. మా అమ్మాయి నన్ను చంటిపిల్లను చేసి చెప్పడం మొదలుపెట్టింది.

"మా, ఈ కాగితం పీకినాక గబుక్కున మిషన్లో ఎయ్యగూడదు. రోంతసేపు..."

"బయట పెట్టాల. అది గాలి తాగాల. తెలుసులే" అన్నాను.

మా అమ్మాయి నోరు తెరిచింది. నేను చదివింది ఐదో తరగతి. అది కూడా ఐదో తరగతిలోకి పోయాను గాని అవతలివైపు బయటికి రాలేదు. అలాంటి మనిషి బ్యాటరీ సంగతి చెబితే కన్నబిడ్డయినా నోరు తెరవాల్సిందే.

"నీకెవురు చెప్పినారుమా?"

"నల్లరొట్టెల పిల్ల."

ఆ పేరు నోట్లోంచి వచ్చాక నాకు ఇంక పని సాగలేదు. పొయ్యి మీద పాలు పొంగి నేలపాలయ్యాయి. అందుకే ఈ పూట మీరు దొరికారు.

ఆ పిల్ల అసలు పేరు చెప్పను. ఆమె రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన పరిశోధన కాగితాల మీద కూడా ముందు ఇంకెవరెవరివో పేర్లు ఉండేవి, ఆమెది చివర్న ఒదిగి కూర్చునేది. పేరు వెనకబడటం ఆమెకు కొత్త కాదు, నేను చెప్పకపోతే నొచ్చుకోదు.

మాది కర్నూలు. మిద్దె పైన ఒక గది ఉంది. ఆ రోజుల్లో కాలేజీల్లో చదివేవాళ్ళకు అద్దెకిచ్చేవాళ్ళం. ఒక పొద్దున ఈ పిల్ల భుజాన పెద్ద మూట వేసుకుని మెట్లెక్కుతూ ఉంటే, పర్వాలేదు, బియ్యం తెచ్చుకున్నట్టుంది, బుద్ధిమంతురాలు అనుకున్నాను. మూట దించి విప్పితే ఉత్త వేరుశనక్కాయల పొట్టు.

"ఏం పాపా, కాయలు యాడ?" అన్నాను.

"కాయలు మావోళ్ళు అమ్ముకున్నారక్కా. నా వాటాకు పొట్టు వచ్చింది" అంది. నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకుండానే అన్నీ అనేది, నవ్వడం మన పని.

వాళ్ళది కోసిగి దిక్కు పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు ఆ దిక్కు ఊళ్ళు ఇళ్ళకు తాళాలేసి, పిల్లాజెల్లాతో మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోతాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. వాళ్ళమ్మా నాయనా ప్రతి ఏడూ పోయేవాళ్ళు. "నువ్వేం చేస్తాండావు ఈడ?" అని ఎవరైనా అడిగితే ఆమెది ఒకటే జవాబు: "నేనూ సుగ్గికే వచ్చినా. వాళ్ళు మిరపకాయలు కోస్తాండారు, నేను గాలి కోస్తాండా."

గాలి అన్నదే ఆమెకు తిండి, నిద్ర, తగువు. గాలి తాగే బ్యాటరీ చేస్తానని వచ్చింది. మా ఇంటాయనకు అప్పట్లో బస్టాండు దగ్గర పంక్చరు షాపు. టైర్లకు గాలి కొట్టే పని. అద్దెకొచ్చిన పిల్ల కూడా గాలి మనిషేనని తెలిసి ఆయన మూతి ముడుచుకున్నాడు.

"నేను పొద్దుగూకులూ గాలి గొడితే ఎవుడూ డాక్టరనలేదే. ఈమెకేమో డాక్టరు పట్టా ఇస్తారంట గాలికి!"

"నువ్వు లోపలికి గొడ్తావు మామా, నేను దానంతట దాన్నే రమ్మంటా. అందుకే నాకు పట్టా, నీకు పంపు" అనేసి ఆమె మెట్లెక్కేది.

నాకు ఆ బ్యాటరీ సంగతి అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆమే. వంటింటి గడప మీద కూర్చుని, మసిచేతులతో కాఫీగ్లాసు పట్టుకుని చెప్పింది. గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు. ఆ గ్లాసు తోమితోమి విసుగొచ్చి, అది నీదే పో అని ఆమెకే రాసిచ్చేశాను.

"మామూలు బ్యాటరీలో రెండు సరుకులూ లోపలే కూసుంటాయక్కా. దీంట్లో లోపల ఒకటే, జింకు. రెండోది గాలి. బయటనుంచి వచ్చేది. దుడ్లు లేకుండా దొరికేది."

"మరి నువ్వు జేసేదేంది?"

"గాలి లోపలికొచ్చే తలుపు. నల్లగా, పల్సగా, రొట్టె మాదిరి ఉంటాది. దాని పేరు ఎలక్ట్రోడు. దాంతోనే వస్తాండాది తంటా అంతా. గాలి రావాల, లోపలి మందునీళ్ళు బయటికి పోగూడదు. తడవాల, మునగగూడదు. ఎండగూడదు. అల్లున్ని మేపినట్టే అనుకో. మర్యాద తగ్గితే అలుగుతాడు, ఎక్కువైతే పండుకుంటాడు."

"మరి జింకు?"

"అది కోడలు. పనంతా దానిదే. చేసీ చేసీ కరిగిపోతాది. కరెంటు వచ్చినాక అందరూ రొట్టె ఎంత బాగుండాదో అంటారు."

నేను వసారాలో కూర్చున్న మా అత్త వైపు చూసి, "ఆ జింకు నాకు బాగా తెలుసు పాపా" అన్నాను. మా అత్తకు వినపడలేదు. ఆమెకు అప్పటికే రెండు చెవులూ పోయాయి. మా ఇంట్లో ఆ రోజుల్లో నడిచిన శాంతి అంతా ఆ చెవుల పుణ్యమే.

ఆ రొట్టె కోసమే ఆ పిల్ల మూటలో తెచ్చిన పొట్టును కుండలో పోసి, మూతకు బంకమట్టి మెత్తి, మిద్దె మీద కట్టెల మంటలో మాడ్చేది. నేను ఉతికి ఆరేసిన బట్టలన్నీ ఆమె పరిశోధన వాసనే. ఆ బొగ్గును కాలేజీకి తీసుకుపోయి, ఏవో ఇనుప ఉప్పులు, మాంగనీసు ఉప్పులు కలిపి, అక్కడి కొలిమిలో మళ్ళీ కాల్చేది. మళ్ళీ కాల్చేది అంటే, కొలిమి దగ్గర తన వంతు వస్తే, వంతు వచ్చినప్పుడు కరెంటు ఉంటే, కరెంటు ఉన్నప్పుడు కొలిమి గది తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి పోకుండా ఉంటే. ఇవన్నీ కుదిరిన రోజు ఆమె మొహంలో పండగ కనపడేది.

ఆ పొడిలో తెల్లటి జిగురుపాల లాంటిది కలిపి ముద్ద చేసి, పిసికి, రుద్ది, సన్నటి తీగజల్లెడ మీద పరిచి నొక్కాలి. ముద్ద విరిగిపోయేది. ఆమె పిసకడం చూసి మా అత్తకు జాలేసింది. నలభై మందికి జొన్నరొట్టెలు తట్టిన చేతులవి. పక్కన చేరి, "అట్ల గాదు పాపా, ఉడుకునీళ్ళు పొయ్యి, అరచేత్తో ఒత్తు" అని చూపించింది. మీరనుకునేది నాకు తెలుసు. చదువుకున్న పిల్లకు రాని పని ముసలామె చేతిలో కుదిరిపోయిందని చెబుతాననుకుంటున్నారు. లేదు. మా అత్త చెప్పినట్టు చేసిన రొట్టెలన్నీ ఎండిన చెరువుమన్నులా బీటలు వారాయి. ఆ వారం పని బూడిదైంది. అయినా ఆ పిల్ల మా అత్త చెవి దగ్గర నోరు పెట్టి, "నీ చెయ్యి జొన్నపిండికే పనికొస్తాదవ్వా, పాడు పిండికి పనికిరాదు" అని అరిచింది. మా అత్త మెచ్చుకుందనుకుని మురిసిపోయింది.

ఆ పిల్లకు ఇంకో అలవాటు. ఎవరి ఇంట్లోకి పోయినా ముందు కిటికీ తెరిచేది, తర్వాతే బాగున్నారా అని అడిగేది. నేను మా ఇంటాయన మీద కోపంతో మూతి బిగించుకుని ఉంటే, "మూత తియ్యక్కా, లోపల ఉక్కపోస్తాండాది" అనేది. తిట్టడానికి నోరు తెరిస్తే, "ఆఁ, రానీ, గాలి రానీ" అనేది. తిట్టబోయినదాన్ని నవ్వేసేదాన్ని. మా ఇంటాయనకు ఆమె మీద ఎంత గొణుగుడు ఉన్నా అద్దె పెంచమని ఎప్పుడూ అనలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇప్పుడు చెవిమిషను సంగతి. మా అత్తకు ఎవరో పుణ్యాత్ములు పెట్టిన ఉచిత వైద్యశిబిరంలో ఒక చెవిమిషను, ఒక అట్టకు అతికించిన బ్యాటరీ బిళ్ళలు ఇచ్చారు. ఇంటికొచ్చి పెట్టుకుంటే ఉలుకూ పలుకూ లేదు. "ఊరికే ఇచ్చేది ఊరికేనే ఉంటాది" అని మా అత్త దాన్ని దేవుని గూట్లో పెట్టి, కుంకుమబొట్టు పెట్టి, రోజూ పువ్వు పెట్టేది. నెలల తరబడి ఆ మిషను పూజలందుకుంది.

ఒకరోజు ఆ పిల్ల గూట్లో దాన్ని చూసింది. తీసి, మూత తెరిచి, బిళ్ళను వెలుగులో పెట్టి చూసి, నెత్తి కొట్టుకుంది.

"అక్కా! దీని నోటికి కాగితం అతికించే ఉండాది. పీకలేదా ఎవురూ?"

"కంపెనీ ముద్ర గదా అది, పీకితే మనదే తప్పంటారు అనుకున్యాం."

"దీని ముక్కుకు గుడ్డ గట్టి పూజ జేస్తాండారు మీరు! ఇది నేను జేసే బ్యాటరీకి తోబుట్టువు. ఇదీ గాలి తాగేదే."

కాగితం పీకింది. బిళ్ళ వీపున సూదిమొన తగిలినంత చిల్లు. దాన్ని అరచేతిలో పెట్టుకుని పురిటి బిడ్డ ఏడుపు కోసం చూసినట్టు కాసేపు చూసింది. తర్వాత మిషనులో వేసి మా అత్త చెవికి తగిలించింది.  

అప్పుడే మా ఇంటాయన షాపు నుంచి వచ్చాడు. ఆయనకు ఈ సంగతి తెలియదు. మా అత్త కొడుకును చూసి ఏదో అడగబోతూ చెయ్యెత్తింది. చెవిటి తల్లి ముందు కొడుకులు గొణిగే గొణుగుడు ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఆయన అలవాటుగా అందుకున్నాడు. "ఇంగా ఏం గావాలంటనో మహారాణికి!"

"మహారాణికి కాఫీ గావాల" అంది మా అత్త.

మా ఇంటాయన చేతిలోని సంచి జారిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన ఇంట్లో బుద్ధుడి బొమ్మలా తిరిగాడు. నేను కూడా మాటలు ఆచితూచి వాడటం నేర్చుకున్నాను. ఆ పిల్ల మా ఇంటికి చేసిన మేలు ఇదీ అని చెప్పుకోవాలంటే, ముందు మా శాంతి పోయింది, తర్వాత మర్యాద వచ్చింది.

శిబిరం వాళ్ళిచ్చిన బిళ్ళలు అయిపోయాయి. అంగడి బిళ్ళలు మన ఎండలకు నిలవలేదు. కర్నూలు ఎండాకాలపు గాలి సంగతి మీకు చెప్పాలా? మనుషుల్లోనే తడి మిగలనివ్వదు, శనగగింజలో మిగలనిస్తుందా? అప్పుడు ఆ పిల్లకు ఆలోచన వచ్చింది. మా అత్త వాడి పారేసిన బిళ్ళలను విప్పి, కొత్త జింకు వేసి, తన నల్లరొట్టె నుంచి చిన్న చుక్కంత ముక్క కోసి లోపల పెట్టి మూసేది. తన రొట్టె ఈ పొడిగాలిలో ఎన్నాళ్ళు బతుకుతుందో మా అత్త చెవిలోనే తేల్చుకోవాలని కూర్చుంది.

మా అత్త మాత్రం ఊరుకుంటుందా? పొద్దున్నే తీర్పు చెప్పేది.

"ఏమ్మే, నీ రొట్టె నిన్న సీరియల్లో ఆ కొడుకు నిజం జెప్పేటప్పుడే సచ్చింది. వాడు ఎవుని కొడుకో నాకు తెలీకుండాపాయ!"

"ఇంగోటి ఇస్తా అవ్వా."

"ఇది కీసుమంటాండాది, ఎలుకలు పడినట్టు."

"ఇంగోటి ఇస్తా అవ్వా."

ఇట్లా ఇస్తూ ఇస్తూ, పొట్టు మాడ్చే తీరు మార్చి, ఉప్పుల పాళ్ళు మార్చి, ఒక రొట్టె కుదిరింది. వడియాలు పెట్టే రోజుల్లో వేసిన బిళ్ళ, రోళ్ళు పగిలే ఎండల్లో కూడా పలుకుతూనే ఉంది. అంగడి బిళ్ళ ఓడిపోయిన చోట మా మిద్దె బిళ్ళ నిలిచింది. మా అత్త చెవిలో సీరియలు చివరిదాకా వినపడింది. ఆ కొడుకు ఎవరి కొడుకో తేలింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వింది. నేను చూశాను.

సరిగ్గా అప్పుడే ఆమెకు గడువు తీరిపోయింది. కాలేజీలో ఆమె పనికి పెట్టిన గడువు. ఇంకో ఏడాది పొడిగించాలంటే బయటి ఊళ్ళ నుంచి పెద్దమనుషులు వచ్చి చూసి, సరేననాలి. అనకపోతే బల్ల పోతుంది, కొలిమి పోతుంది, పట్టా పోతుంది. వాళ్ళ మేనమామ అప్పటికే కడప దిక్కున మంగంపేటలో, ముగ్గురాయి గనుల దగ్గర పొడి పరీక్ష చేసే ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. "రాయి చాలా మంచిదక్కా, గాలి అడగదు" అనేది దాని గురించి. మాట తేలిగ్గానే అనేది గాని, ఆ నెలలో గ్లాసులో కాఫీ సగం మిగిలిపోయేది.

కాగితాలు చూపిస్తే నమ్మరని, బతికున్న చెవినే చూపిస్తానంది. మా అత్తను తీసుకుపోవాలని నిర్ణయమైంది. పెద్దమనుషులు ఏమేం అడుగుతారో వరుసగా నేర్పింది. ముందు వినపడుతోందా అంటారు. తర్వాత ఎప్పటినుంచి వాడుతున్నావంటారు. ఆ తర్వాత నొప్పి, దురద ఏమైనా ఉందా అంటారు. మా అత్త బడికెళ్ళే పిల్లలా వల్లె వేసింది.

ఆ పొద్దున మా అత్త పట్టుచీర కట్టింది. ఆటోలో నేను, ఆమె, ఆ పిల్ల. దారిలో అంతా బాగానే వినపడింది, ఆటో అతను పాడిన పాటకు వంకలు కూడా పెట్టింది. కాలేజీలో వరండాలో కూర్చోబెట్టారు. పెద్దమనుషులు టిఫిను ముగించేదాకా వాళ్ళకు ఆకలి, మాకు ఓపిక ఉండాలి కదా. ఆ పిల్ల లోపలికి పోయింది. నేను నీళ్ళ కోసం పోయాను. తిరిగొచ్చేసరికి మా అత్త మిషను చెవికి తగిలించుకుంటూ కనపడింది. సర్దుకుంటోంది కాబోలు అనుకున్నాను.

లోపలికి పిలిచారు. మెడలో కార్డు వేలాడేసుకున్న పెద్దసారు మధ్యలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు.

"ఏమ్మా పెద్దమ్మా, వినపడుతోందా?" అన్నాడు.

"సుబ్బరంగా వినపడతాండాది నాయనా" అంది మా అత్త. ఆ పిల్ల ఊపిరి వదలడం నాకు వినపడింది.

"సంతోషం. మీ పేరేమిటి?"

"వడియాలు పెట్టిన కాడ్నుంచి."

పెద్దసారు పక్కవాళ్ళ వైపు చూశాడు. "వడియాలా?"

"నొప్పి యాం లేదు. దురద గూడా లేదు నాయనా."

"ఈమెకు ఎవరైనా నేర్పించి తీసుకొచ్చారా?" అని ఆయన మమ్మల్ని అడిగాడు.

జవాబు మా అత్తే ఇచ్చింది, ఇది మాత్రం సొంతంగా. "మనమరాలి మాదిరి చూసుకుంటాది. దానికి గడువు ఇయ్యండి నాయనా, మీ పిల్లలు సల్లగుండాల."

గదిలో ఒకాయనకు దగ్గు వచ్చింది. ఆ పిల్ల గబగబా వచ్చి మా అత్త చెవి మిషను తీసి, మూత తెరిచి చూసింది. నేనూ తొంగి చూశాను. బిళ్ళ వీపున, సరిగ్గా ఆ చిల్లు మీద, నిగనిగలాడుతూ కాటుక చుక్క. మా ఇంటి కాటుకే. ఆముదం దీపం మసి, ఆముదంలోనే కలిపింది. ఇంతమంది పెద్దవాళ్ళ కళ్ళు పడతాయని, బిడ్డ కష్టానికి దిష్టి తగలకూడదని, మా అత్త కొంగున ముడేసుకొచ్చిన భరిణె తీసి వరండాలో కూర్చుని పెట్టింది. అన్నీ వదిలి చిల్లు మీదే ఎందుకంటే, బిళ్ళకు అదే కన్నులా కనపడిందట.

ఆ పిల్ల కొంగుతో తుడిచింది. లాభం లేదు, నూనె లోపలికి ఇంకిపోయింది. ఊపిరాడక రొట్టె చచ్చింది.

"సార్, గాలి పోయే చిల్లు మీద కాటుక ఉండాది. అవ్వ దిష్టి చుక్క పెట్టింది" అంది ఆ పిల్ల. దాచలేదు. మా అత్త పక్కనే నిలబడి అందరి వైపూ చూసి తల ఊపుతోంది, ఒక్క ముక్కా వినపడక.

పెద్దసారుకు నవ్వాగలేదు. "రిపోర్టులో ఏమని రాయమంటావమ్మా? దిష్టి చుక్క వల్ల ఎలక్ట్రోడు పోయిందనా?"

"రాయండి సార్. జరిగింది అదే."

అప్పుడు చివర కూర్చున్న సన్నపాటి ఆయన, అంతసేపూ నోరు మెదపనివాడు, నెమ్మదిగా అన్నాడు. "అమ్మాయ్, దీన్ని వాడేవాళ్ళ ఇళ్ళలో కాటుక ఉంటుంది, తాలింపు పొగ ఉంటుంది, సాంబ్రాణి ఉంటుంది. పొడిగాలిని గెలిచావు, బాగుంది. ఇళ్ళను గెలవొద్దా?"

ఎవరేమన్నా ఎదురు మాట సిద్ధంగా ఉండే పిల్ల. నేను ఆ ఎదురు మాట కోసం చూశాను. "నిజమే సార్" అంది. అంతే.

పరిశీలిస్తామని చెప్పి పంపారు. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారనుకుంటాను. పెద్దవాళ్ళ పని నిదానం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంటికి పోగానే మిషనులో ఇంకో బిళ్ళ వేసి, మా అత్తకు వినపడేలా నాలుగు వడ్డించాలని నా ఆలోచన. ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"జెప్పొద్దక్కా. చెవి వచ్చినాక ఇనే మొదటి మాట అది గాగూడదు."

"నీ బతుకు ముంచింది గదే ఆ చుక్క!"

ఆమె కొంగుకంటిన కాటుక చూసుకుంది. "కోసిగి నుంచి ఈడిదాకా శానామంది సూసినారక్కా నా పని. ఒకరు పిచ్చన్నారు, ఒకరు పొగన్నారు, పంక్చరు మామ గాలన్నాడు. దిష్టి తగిలేంత గొప్ప పని జేస్తాండానని నమ్మింది అవ్వ ఒక్కతే."

ఇంటికొచ్చాక కొత్త బిళ్ళ వేయగానే మా అత్త అడిగింది, "ఏమన్నారమ్మే?"

"ఆకలి మీదుండారవ్వా, మళ్ళా చూస్తామన్నారు."

"టిఫిను తిన్నారు గదా?"

"సాల్లేదంట" అంది ఆ పిల్ల.

గడువు రాలేదు. మంగంపేటకు పోయింది. పోయేటప్పుడు ఆ మసిగ్లాసు అడిగి తీసుకుంది. మిద్దె గదికి ఎన్నిసార్లు సున్నం వేసినా గోడ నల్లగానే తేలేది. మా ఇంటాయన తిట్టుకుంటూ వేసేవాడు, తిట్టు మాత్రం మెల్లగా.

ఆ పిల్లను మళ్ళీ చూసింది ఇంకో రెండు ఎండాకాలాలు పోయాక. ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. నెత్తి నుంచి చెప్పుల దాకా తెల్లటి దుమ్ము. నల్లగా పోయిన మనిషి పిండిబొమ్మలా తిరిగొచ్చింది. రావడం రావడమే కిటికీ తెరిచింది.

"పొద్దున తెల్లపొడి, సందకాడ ఆడి కొలిమిలోనే నల్లరొట్టె. రెండు సుగ్గులక్కా" అంది.

మా అత్త అప్పటికి మంచం దిగడం లేదు. ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని చేతిసంచిలోంచి ఒక బిళ్ళ తీసింది. రొట్టె వీపున ఇంకో పొర వేసిందట. నీళ్ళు అంటనిది ఎప్పుడో చేసింది, ఇప్పుడు నూనె కూడా అంటని పొర. గాలి మాత్రం పోవాలి. దానికోసమే ఇన్నాళ్ళు.

"అవ్వా, కాటుక యాడ?" అని చెవి దగ్గర అరిచింది.

మా అత్త తలగడ కింద నుంచి భరిణె తీసింది. ఆ పిల్ల బిళ్ళను అరచేతిలో పెట్టి చాపింది. "పెట్టు. ఆ పొద్దు పెట్టినట్టే పెట్టు."

మా అత్త గురి తప్పలేదు. చిల్లు మీదే, కందిబద్దంత చుక్క. ఆ పిల్ల దాన్ని మెత్తగా తుడిచింది.  బిళ్ళ మిషనులోకి పోయింది, మిషను చెవికెక్కింది. నేనెంత మెల్లగా అనగలనో అంత మెల్లగా, తలుపు దగ్గర నిలబడి అన్నాను. "ఇంగా ఏం గావాలో మహారాణికి."

మా అత్త తల తిప్పలేదు. గోడ వైపు చూస్తూ ఉంది. ఆ పిల్ల మొహం నేను చూడలేకపోయాను.

"కాఫీ" అంది మా అత్త. "ఆ పిల్లకు గూడా ఒగటి."

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. కాని అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ బిళ్ళ వారం తిరగకుండానే మూగబోయింది. భయపడుతూనే ఫోన్ చేసి చెప్పాను.  అవతలినుంచి అరిచింది, "వారమా? అవ్వ ఏలికి, ఆముదానికి, వారం నిలిచిందా అక్కా?" ఓడిపోయిన బిళ్ళకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా అత్త పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు నేను సుక్క పెట్టబట్టి సరిపాయ. లేకుంటే అంతమంది కండ్లు బడి పిల్ల ఏమైపోవునో" అంది. నేను అవునత్తా అన్నాను. మిషనులో బిళ్ళ లేదు. వినపడిందో లేదో తెలియదు.

ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆ ఫోను నంబరు ఇప్పుడు ఎవరిదో. మంగంపేట వదిలేసిందని ఒకరు, ఎక్కడో రొట్టెలు చేస్తూనే ఉందని ఒకరు అన్నారు. నిన్న మా అమ్మాయి తెచ్చిన బిళ్ళ కాగితం పీకి, అరచేతిలో పెట్టుకుని, కాసేపు ఆగాను, ఇంకా చెవికి పెట్టుకోలేదు. ఇందులో ఉన్నది ఎవరి రొట్టెనో. అంగడిదాని మీద చేసినవాళ్ళ వేలిముద్రలు ఉండవు కదా.

సరే, లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉండాలి. మీ పెద్దవాళ్ళకు మీ గొణుగుడు వినపడాలి, వినపడినా మీకు కాఫీ దొరకాలి. దిష్టి తగిలేంత మంచిపని మీ పిల్లలు చేయాలి, వాళ్ళకు చుక్క పెట్టే వేలు ఒకటి మీ ఇంట్లో ఉండాలి. ఆ వేలికి చిల్లు ఎక్కడుందో కనపడే కళ్ళు కూడా ఆ దేవుడే ఇవ్వాలి. చల్లగా ఉండండి.